సవరణ: బెస్సీ స్మిత్ ఎలా చనిపోయింది?

1937లో కారు ప్రమాదం తర్వాత తెల్లవాళ్ల ఆసుపత్రి చేర్చుకోకపోవడంతో బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ చనిపోయిందని మొన్న రాశాను. అది తప్పు, సరిచూసుకోకుండా రాసేశాను.

మిసిసిపీలో హైవే 61 మీద, ఇంకా చీకటిగా ఉండగానే ఆమె కారు ఓ లారీని గుద్దింది. కుడిచెయ్యి దాదాపు తెగిపోయింది. అటుగా వచ్చిన మెంఫిస్ డాక్టర్ ఒకాయన రోడ్డు పక్కనే కట్టుకట్టాడు. అంబులెన్స్ నేరుగా క్లార్క్స్‌డేల్‌లోని నల్లవాళ్ల ఆసుపత్రికే వెళ్లింది. అక్కడే, సెప్టెంబర్ 26న, ప్రాణం పోయింది.

ఇవి ఆ డాక్టర్ తర్వాత జీవితచరిత్రకారుడికి చెప్పిన సంగతులు. ఆ కాలంలో అక్కడ నల్లవాళ్లని తెల్లవాళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదట. పుకారు మాత్రం అదే ఏడాది ఒక జాజ్ పత్రికలో వచ్చిన వ్యాసంతో ఊరంతా పాకింది.