బయటి వేడి అసలు అక్కర్లేదా?
థర్మిట్ వెల్డింగ్‌కు (పొడులను అంటించి, ఆ చర్యలో పుట్టే కరిగిన లోహంతో అతికే పద్ధతి) బయటి వేడి అవసరమే లేదని మీ వ్యాసంలో రాశారు, అది సగమే నిజం. ఐరన్ ఆక్సైడ్, అల్యూమినియం పొడి ఒకసారి అంటుకున్నాయంటే చర్య తన వేడితోనే నడుస్తుంది, దాదాపు 2500 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. కరెంటూ వద్దు, కొలిమీ వద్దు. ఇంతవరకూ ఒప్పుకుంటాను. కానీ దాన్ని అంటించడానికే గట్టి వేడి కావాలి, మామూలు అగ్గిపుల్లకు ఆ పొడి లొంగదు. పైగా రైలు పట్టాలు అతికేటప్పుడు అచ్చు బిగించాక పట్టాల చివరలను గ్యాస్ మంటతో బాగా కాలుస్తారు. చల్లటి పట్టా మీద కరిగిన ఉక్కు పోస్తే అంచుల దగ్గర వెంటనే గడ్డకట్టి సరిగా అతుక్కోదు. ఇలా కాల్చడం వల్ల అచ్చులోని తేమ కూడా పోతుంది, నా దృష్టిలో అసలు సంగతి అదే. తడి ఉంటే ఒక్కసారిగా ఆవిరి పుట్టి కరిగిన లోహం ఎగజిమ్ముతుంది (పక్కన నిలబడ్డవాళ్ల గతి చెప్పక్కర్లేదు), అలా జరక్కపోయినా లోపల బుడగలు మిగులుతాయి. నేను పనిచేసిన చోట పైకి నున్నగా, చక్కగా కనిపించిన అతుకు అల్ట్రాసోనిక్ పరీక్షలో (ధ్వని తరంగాలతో లోపలి లోపాలు వెతికే పరీక్ష) ఫెయిలైంది, కారణం ఆ బుడగలే. జర్మన్ రసాయన శాస్త్రవేత్త హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1895లో పేటెంట్ తీసుకున్న చర్యే దీనికి ఆధారం, రసాయనం ఇప్పటికీ అదే. ఎర్తింగ్ రాగి తీగలను కాపర్ ఆక్సైడ్ పొడితో అతికే పనికైతే మీ మాట చాలావరకు సరిపోతుంది, అక్కడ గ్రాఫైట్ అచ్చును తేమ పోయేలా కాస్త వేడి చేస్తే చాలు.