చిప్పు మీద కాలేయం: పనిముట్టు వచ్చింది, పద్ధతి రావాలి

1993లో అమెరికాలో హెపటైటిస్-బి చికిత్స కోసం ఫయాలురిడిన్ అనే మందును 15 మందిపై పరీక్షించారు. ఏడుగురికి కాలేయం తీవ్రంగా దెబ్బతింది, అందులో ఐదుగురు చనిపోయారు. అంతకుముందు జంతువులపై జరిపిన పరీక్షలు ఈ ముప్పును పసిగట్టలేదు. మందులను జంతువులపై కాకుండా, చిన్న రబ్బరు పలకలోని సన్నని కాలువల్లో పెంచిన మనిషి కణాలపై పరీక్షించే పనిముట్లే అవయవ చిప్పులు. వాటిని సమర్థించేవారు ఈ ఉదంతాన్ని గుర్తుచేయడంలో న్యాయం ఉంది.

పేరు చిప్పే అయినా వీటిలో ట్రాన్సిస్టర్లు ఉండవు. కంప్యూటర్ చిప్పుల పరిశ్రమ నుంచి అరువు తెచ్చుకున్నది ఫొటోలిథోగ్రఫీని, అంటే కాంతితో అతి సన్నని గీతలు తీర్చే విద్యను. సిలికాన్ పలకపై మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొలతలో అచ్చు తయారుచేసి, దానిపై పీడీఎంఎస్ అనే పారదర్శక సిలికోన్ రబ్బరు పోసి, గట్టిపడ్డాక ఒలుస్తారు. హార్వర్డ్‌లోని వీస్ ఇన్‌స్టిట్యూట్‌లో డాన్ హూ, డొనాల్డ్ ఇంగ్బర్ బృందం 2010లో ప్రకటించిన ఊపిరితిత్తి చిప్పు ఇలా పుట్టిందే. సూక్ష్మ రంధ్రాలున్న పలుచని పొరకు ఒకవైపు ఊపిరితిత్తి కణాలు, గాలి. మరోవైపు రక్తనాళ కణాలు, పోషక ద్రవం. పక్క కాలువల్లో గాలిని లాగి వదులుతుంటే పొర శ్వాస తీస్తున్నట్టు సాగుతుంది. ముచ్చటైన ఇంజనీరింగ్, సందేహం లేదు.

చిక్కంతా ఆ రబ్బరుతోనే. నీటిలో సరిగా కరగని చిన్న అణువులను అది పీల్చుకుంటుంది. చాలా మందులు అలాంటివే. మందు విషమో కాదో తేల్చాల్సిన పాత్రే మందును తాగేస్తే కణాలకు అందిన మోతాదు ఎంతని చెప్పగలం? పైగా కణాలు దాతను బట్టి మారతాయి. కంప్యూటర్ చిప్పుల పరిశ్రమ గొప్పతనం గీత సన్నదనంలో కన్నా, కోట్ల చిప్పులు ఒకేలా రావడంలో ఉంది. ప్రయోగశాలలు విద్యను తీసుకున్నాయి గానీ ఆ క్రమశిక్షణను ఇంకా పూర్తిగా తీసుకోలేదు.

2022లో అవయవ చిప్పులు తయారుచేసే ఎమ్యులేట్ సంస్థ 870 కాలేయ చిప్పులపై 27 మందులను పరీక్షించి, హానికరమైనవాటిలో 87 శాతాన్ని పట్టుకున్నామని ప్రకటించింది. ఫలితం ఆశాజనకమే, కానీ పరీక్షించింది తమ సరుకునే.

చట్టాలు మాత్రం ముందుకెళ్లాయి. జంతు పరీక్షలు తప్పనిసరి అన్న నిబంధనను అమెరికా 2022 డిసెంబరులో తొలగించింది. మన దేశమూ 2023లో కొత్త మందుల నిబంధనలను సవరించి అవయవ చిప్పులకు చోటిచ్చింది. మందుల పరిశ్రమకు నెలవైన హైదరాబాద్‌కు ఇది నేరుగా సంబంధించిన మార్పు. ఇక్కడ ప్రభుత్వ నిధులు మరో కొత్త అవయవ నమూనాకు వెళ్లే ముందు, ఒకే మందును ఒకే చిప్పుపై వేర్వేరు ప్రయోగశాలల్లో పరీక్షించి ఫలితాలు పోల్చే పనికి వెళ్లాలి. అలాంటి పనికి పేరు రాదు, పరిశోధన పత్రాలూ పెద్దగా రావు. అందుకే దాన్ని కంపెనీలకు వదిలేయకూడదు.