తుప్పు పట్టని తమరికి...

మహారాజశ్రీ స్టెయిన్‌లెస్ చాకు గారి సముఖానికి, విశాఖ తీరం నుంచి ఒక కొనుగోలుదారు రాసుకునే మనవి.

తమరు క్షేమమని తెలుసు. తమరెప్పుడూ క్షేమమే. వానకీ ఎండకీ ఉప్పుగాలికీ చలించరని పెట్టె మీదే అచ్చేశారు కదా. తళతళకి వంక పెట్టలేం. టమాటా దగ్గరికొచ్చేసరికే ఇబ్బంది. తొక్క మీద ఎక్కి కూర్చుంటారు గానీ లోపలికి దిగరు. ఇంకాస్త నొక్కితే టమాటా చితికిపోతుంది, తమరి మెరుపు మాత్రం చెక్కుచెదరదు.

వంశం సంగతి తెలిశాక పెద్దగా ఆశ్చర్యపోలేదు లెండి. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ అనే లోహ నిపుణుడు తుపాకీ గొట్టాలు తొందరగా అరిగిపోని ఉక్కు కోసం వెతుకుతుంటే తమరు దొరికారు. ఇది చాకులకి పనికొస్తుందని ఆయన చెబితే, తరతరాలుగా కత్తులు చేసే ఆ ఊరివాళ్ళు ‘కోయని చాకులు కనిపెట్టినాయన’ అని వెక్కిరించారట. తర్వాత ఎంత వేడికి కాల్చాలో, ఎలా చల్లార్చాలో తెలుసుకుని తమర్ని దారికి తెచ్చారు. చవక రకాల్లో మాత్రం ఆ పాత పేరు తమరు ఇప్పటికీ పోనివ్వడం లేదు.

తమరి రహస్యం క్రోమియం. కనీసం 10.5 శాతం ఉంటే స్టెయిన్‌లెస్ అనిపించుకుంటారు. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కొన్ని నానోమీటర్ల మందాన పైపొర కడుతుంది. గీత పడినా ఆ పొర మళ్ళీ తనంతట తనే కట్టుకుంటుంది. దీన్ని మెచ్చుకోకుండా ఉండలేం. చిక్కంతా కార్బన్‌తోనే. అంచు గట్టిగా నిలవాలంటే కార్బన్ కావాలి. అది కాస్త ఎక్కువైతే క్రోమియంని పట్టుకుని కార్బైడ్లనే గట్టి రేణువులు చేసేస్తుంది, పొర కట్టడానికి మిగిలేది తగ్గిపోతుంది. అందుకని 420 అనే నంబరు చవక ఉక్కు రకాల్లో కార్బన్ కోసేశారు. తుప్పు రాదు, పదునూ ఉండదు. తమరి చుట్టం డి2 అనే ఉక్కు గారిది ఇంకో పద్ధతి. క్రోమియం 12 శాతం దాకా ఉన్నా కార్బన్ ఒకటిన్నర శాతం కాబట్టి పదును ఎన్నాళ్ళయినా పట్టి ఉంచుతారు. కాకపోతే సముద్రపు తడితో రాత్రంతా సంచిలో పడుకుంటే, పొద్దున్నకి ఒంటి నిండా నారింజ రంగు చుక్కలతో లేస్తారు.

తమరికి చుక్కలు రావనుకోకండి. ఉప్పులోని క్లోరైడు ఆ పైపొరని ఎక్కడో ఒకచోట పొడుస్తుంది, అక్కడ సూదిమొనంత గుంట పడుతుంది. పైకి చిన్నదే, లోపలికి తవ్వుకుంటూ పోతుంది. నున్నగా పాలిష్ చేసిన బ్లేడు కంటే ఇసుక కొట్టి మసకగా చేసిన బ్లేడు మీద ఇది తొందరగా మొదలవుతుంది. మడత చాకుల్లో అయితే బ్లేడు కన్నా ముందు మర, స్ప్రింగు, జేబు క్లిప్పు ఎర్రబడతాయి. తోలు ఒరలో పెట్టి దాచుకుంటే మరీ మేలు (తుప్పుకి!), తోలు తడిని పట్టి ఉంచుతుంది. నాకు బాగా నచ్చింది మాత్రం లోగో. లేజర్‌తో కాల్చి రాసిన చోట వేడికి ఆ రక్షణ పొర దెబ్బతింటుంది. ‘స్టెయిన్‌లెస్’ అన్న అక్షరాలకే ముందు తుప్పు పట్టించుకోవడం తమరికే చెల్లింది.

ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు కోసే అక్కల కత్తిపీటలు చూశారా? నల్లగా, గరుకుగా, ఎవరూ ఫొటో తీయని ఇనుము. క్రోమియం మాటే లేదు. కానీ పొద్దుణ్ణుంచీ వంజరం ముక్కలు తెగుతూనే ఉంటాయి. మధ్యలో సానరాయి మీద నాలుగు రుద్దులు, మళ్ళీ పని. తుప్పు పట్టాలంటే ఆ కత్తికి కాస్త ఖాళీ దొరకాలి కదా. తాటిచెట్టెక్కే గీత కార్మికుడి కత్తీ అంతే. తమర్ని కొనేది ఎక్కువగా మాలాంటి వాళ్ళం. నెలకోసారి పిక్నిక్‌లో మామిడికాయ కోసి, తుడవకుండా బ్యాగులో పడేసి మర్చిపోయేవాళ్ళం. మా బద్ధకానికి మందుగా తమర్ని తయారు చేశారు, తమరేమో దాన్ని పరాక్రమం అనుకుంటున్నారు.

అలాగని తమరి కుటుంబంలో పనిమంతులు లేరనను. జపాన్ వారి హెచ్1 ఉక్కులో కార్బన్ బాగా తక్కువ, దాని బదులు నైట్రోజన్ కలిపారు. సముద్రంలో దిగే డైవర్లకి అది హాయి. నున్నటి అంచు మాత్రం తొందరగా మొద్దుబారుతుంది, రంపపు పళ్ళ అంచైతే నయం. విమాన యంత్రాల బేరింగుల కోసం పుట్టిన ఎల్‌సీ200ఎన్ ఉక్కు కూడా నైట్రోజన్ దారిలోనే వచ్చింది. 2021లో లోహ శాస్త్రవేత్త లారిన్ థామస్ రూపొందించిన మాగ్నాకట్ ఉక్కు పదునునీ తుప్పు భయాన్నీ ఒకేసారి చూసుకుంటుంది. దాని ధర చూశాక మామిడికాయ కొరుక్కుతినడమే మర్యాద అనిపిస్తుంది. మధ్యతరగతికి స్వీడన్ వారి 14సీ28ఎన్ ఉక్కు ఉంది. క్రోమియం 14 శాతం, కార్బన్ ఓ మోస్తరు, సాన పెట్టడం సులువు. నా ఓటు దానికే. ఉప్పునీళ్ళు తగిలాక మంచినీళ్ళతో కడిగి, మర దగ్గర ఓ చుక్క నూనె వేస్తే బీచ్‌లో కూడా మాట నిలబెట్టుకుంటుంది.

కాబట్టి ప్రభూ, కోరేది ఒక్కటే. ఇకమీదట పెట్టె మీద తమరి అసలు రకం ఏమిటో, రాక్‌వెల్ అనే కొలతలో గట్టిదనం ఎంతో వేయించండి. ‘హై క్వాలిటీ స్టీల్’ అనే పేరుతో ఏ కర్మాగారంలోనూ ఉక్కు పోత పోయరు.

ఇట్లు,
తమరి విధేయుడు,
సానరాయి కొనుక్కున్న ఒక వినియోగదారుడు