టీచరమ్మ గారి పెళ్ళిపై మా అభ్యంతరాలు

మా అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు టీచరమ్మ గారింట్లో పెళ్ళి. కొడుకుది కాదు, కూతురిది కాదు. వాళ్ళవి ఎప్పుడో అయిపోయాయి. పెళ్ళి టీచరమ్మ గారిదే. వయసు అరవై మూడు. షుగర్ ఉంది, మోకాళ్ళ నొప్పులున్నాయి, విశాఖ ఎంవీపీ కాలనీలో సొంత ఫ్లాట్ ఉంది. ఇన్ని ఉండగా ఇంకేం తక్కువైందని ఆవిడకి తోడు కావలసి వచ్చిందో ఎవరైనా ఆలోచించాలి. ఆవిడ ఎలాగూ ఆలోచించడం లేదు కనక ఆ బాధ్యత మేం తీసుకున్నాం.

ముందుగా ఒక్కమాట. మేం పాతకాలం మనుషులం కాము. వితంతు వివాహాలకి పూర్తి అనుకూలురం. కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో తెలుగునాట మొదటి వితంతు వివాహం జరిపించారని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే మేమంతా. కానీ సందర్భం చూడాలి కదా. పంతులు గారు పెళ్ళి చేసింది చిన్నతనంలోనే భర్త పోయిన పిల్లకి. ఆ పిల్లకి జీవితమంతా ముందుంది. టీచరమ్మ గారికి ముందున్న కాస్త జీవితమూ మనవల పేరు మీద ఎప్పుడో రిజర్వు అయిపోయింది. పంతులు గారైనా మామిడికాయల సీజన్లో ఈవిడకి ముహూర్తం పెట్టేవారు కాదని మా నమ్మకం.

ఆ రోజుల్లో చట్టాలు చేసినవాళ్ళకి ఎంత ముందుచూపు! 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం చూడండి. భర్త పోయిన స్త్రీ మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు అంటూనే, చేసుకుంటే మొదటి భర్త ఆస్తి విషయంలో ఆమె ఆ రోజే చనిపోయినట్టు లెక్క అని రాసింది. శుభలేఖా, మరణ ధ్రువపత్రమూ ఒకే కాగితం మీద. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చి ఈ ఏర్పాటు చెడగొట్టింది. భర్త నుంచి వచ్చిన వాటా భార్యకి పూర్తి సొంతమట, తర్వాత పెళ్ళి చేసుకున్నా తిరిగి ఇవ్వక్కర్లేదట. అలాగని టీచరమ్మ గారి అబ్బాయి ఆస్తి గురించి బెంగపెట్టుకున్నాడని ఎవరూ అనుకోవద్దు. డల్లాస్‌లో ఉంటాడు, అతనికేం తక్కువ? పెళ్ళి కబురు వినగానే 'డాక్యుమెంట్లు లాకర్లోనే ఉన్నాయా అమ్మా' అని మాత్రం అడిగాడు. 'బీపీ మాత్రలు వేసుకున్నావా' అన్నంత మామూలుగా అడిగాడు.

అతని బాధ వేరు. అతనికి మూడో సంతానం కలగబోతోంది. మొదటి ఇద్దరికీ టీచరమ్మ గారే వెళ్ళి వచ్చారు. అమెరికావాళ్ళు విజిటర్‌కి ఒక్క విడతకి మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. బాలింతకీ పసిబిడ్డకీ కావలసింది కూడా సరిగ్గా అంతే. రెండు ప్రభుత్వాలు ఒక్క కాగితం రాసుకోకుండా ఇంత చక్కగా నడుపుతున్న పథకం ప్రపంచంలో ఇంకోటి లేదు. దాన్ని ఒక్క మనిషి, కేవలం సంతోషంగా ఉందామని, పాడుచేయడం భావ్యమా? పైగా ఈసారి 'ఇద్దరం వస్తాం, రెండు టికెట్లు తియ్యి' అన్నారట. కోడలు ఇంతవరకు తేరుకోలేదు.

బెంగళూరు అమ్మాయి పరిస్థితి ఇంకా ఘోరం. వేసవి సెలవులంటే పిల్లలిద్దర్నీ విశాఖ రైలెక్కించడం, దసరా అంటే అమ్మని బెంగళూరు రప్పించడం. ఇదీ వాళ్ళింటి క్యాలెండర్. ఆవకాయ సంగతి చెప్పనే అక్కర్లేదు. కాయలు పూర్ణా మార్కెట్లో బేరమాడి తెచ్చి, ముక్కలు కొట్టించి, తుడిచి, కలిపి, డల్లాస్‌కి ఒక డబ్బా, బెంగళూరుకి రెండు. అమ్మ ఒంటరిగా ఉంటోంది అని వీళ్ళంతా బాధపడుతున్నది ఇలాంటి ఒంటరితనం గురించే.

ఒంటరితనానికి పిల్లలు విరుగుడు చెయ్యలేదా అంటే, చేశారు. హాల్లో కెమెరా పెట్టించారు. అమ్మ కుర్చీలో కూర్చుని ఉండటం డల్లాస్ నుంచి అబ్బాయి ఎప్పుడైనా చూసుకోవచ్చు. పిలిస్తే పలికే స్పీకర్ కొనిచ్చారు. అడిగితే వాతావరణం చెబుతుంది, సుప్రభాతం వినిపిస్తుంది. 'అన్నీ చెబుతుందండీ, తిన్నావా అని మాత్రం అడగదు' అని టీచరమ్మ గారి ఫిర్యాదు. తల్లిదండ్రుల పోషణ, సంక్షేమం కోసం 2007లో వచ్చిన చట్టాన్ని నేను తిరగేశాను. పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం అని రాసి ఉంది. మాట్లాడేవాళ్ళు అని ఎక్కడా లేదు. పార్లమెంటుకి తట్టని అవసరం ఈవిడకి ఎలా తట్టింది?

'మగవాళ్ళయితే చేసుకోవచ్చా' అని మా వీధిలో కొందరు ఆడపిల్లలు అడుగుతున్నారు. వాళ్ళకి వివరంగా చెప్పాల్సిన బాధ్యత మా మీద ఉంది.

మా నాలుగో అంతస్తులో ఒకబ్బాయి ఉన్నాడు. నలభై ఒకటి. భార్య పోయింది, పదేళ్ళ పాప. పెద్దకర్మ రోజున భోజనాల వరస ఇంకా లేవకముందే వాళ్ళ మేనత్త హ్యాండ్‌బ్యాగ్‌లోంచి రెండు ఫోటోలు తీసింది. 'ఏడాది తిరక్కుండా చేసెయ్యాలి బాబూ, పాపకి జడ వేసేవాళ్ళు కావాలి కదా' అంది. అందరూ కళ్ళొత్తుకున్నారు. నిజమే కదా మరి. ఆ అబ్బాయి 'నాకు జడ వెయ్యడం వచ్చు పిన్నీ' అని ఎవరితోనో అన్నాడు గానీ, దుఃఖంలో ఉన్నవాళ్ళ మాటలు పట్టించుకోకూడదు. పిల్ల ఉంది కాబట్టి అతను పెళ్ళి చేసుకోవాలి. పిల్లలున్నారు కాబట్టి టీచరమ్మ గారు చేసుకోకూడదు. కారణం ఒకటే, తీర్పులు రెండు. ఇందులో వైరుధ్యం కనిపించినవాళ్ళు కుటుంబ వ్యవస్థ ఎలా నడుస్తుందో తెలియనివాళ్ళు. మగవాడికి వంట రాదు, తోడు అవసరం. ఆడదానికి వంట వచ్చు, ఇంక తోడెందుకు?

(ఆ అబ్బాయి ఇంతవరకు చేసుకోలేదు. పాప జడలు బాగానే ఉంటున్నాయి. ఇది మా వాదనకి కాస్త ఇబ్బంది, అందుకే బ్రాకెట్లో పెట్టాను.)

ప్రభుత్వం కూడా మా వైపే ఉంది. స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి అయిన భర్త పోయాక టీచరమ్మ గారికి ప్రావిడెంట్ ఫండ్ వాళ్ళ దగ్గర్నుంచి వితంతు పెన్షన్ వస్తోంది. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు బతికే ఉన్నానని వేలిముద్ర వేస్తే చాలదు, మళ్ళీ పెళ్ళి చేసుకున్నావా అన్న ప్రశ్నకి జవాబు కూడా చెప్పాలి. చేసుకున్నానంటే పెన్షన్ ఆగిపోతుంది. ఊపిరి ఉండాలి, పెళ్ళి ఉండకూడదు. ఇంతకన్నా స్పష్టంగా ఏ ప్రభుత్వం చెబుతుంది? కానీ ఈవిడకి సొంతంగా టీచర్ పెన్షన్ ఉంది. పెళ్ళి చేసుకున్నా అది ఆగదు. 'ఆయన పెన్షన్ పోతే పోనివ్వండి, నేను పాఠాలు చెప్పి సంపాదించుకున్నది నాకుంది' అన్నారు. మా కష్టాలన్నిటికీ మూలం ఇక్కడుంది. ఆడవాళ్ళని ఉద్యోగాలకి పంపేటప్పుడు అరవై దాటాక ఏమవుతుందో మన పెద్దవాళ్ళు లెక్కలు వెయ్యలేదు.

ఇక ఇది మొదలైన చోటు బీచ్ రోడ్డు. తెల్లవారుజామున అక్కడ వాహనాలు ఆపేసి జనాన్ని నడవనిస్తారు. గుండె ఆరోగ్యానికని ఆ ఏర్పాటు. గుండెకి ఇంకేమైనా అవుతుందేమో అధికారులు ఊహించి ఉండరు. పెళ్ళికొడుకు పోర్టులో రిటైరైన మనిషి. 2021లో కరోనా రెండో విడతలో భార్య పోయింది. మొదట్లో ఎదురెదురుగా నడిచారు, తర్వాత ఒకే వైపు నడిచారు. తర్వాత ఆర్కే బీచ్ దగ్గర రాగి జావ తాగుతూ మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ గారి కంటపడ్డారు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ కలిసి చేశారు. ముప్పై రెండు కిలోమీటర్లు! మనవడి స్కూల్ ఫంక్షన్‌కి బెంగళూరు రమ్మంటే మోకాళ్ళు అన్న మనిషి!

అదే బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉంది. 1969 నుంచి నౌకాదళంలో పనిచేసి, 2001లో రిటైరై, మరుసటేడు మ్యూజియంగా ఒడ్డున స్థిరపడింది. 2017లో దానికి ఎదురుగా రోడ్డుకి అవతల టీయూ-142 యుద్ధ విమానాన్ని తెచ్చి పెట్టారు. అదీ రిటైరైనదే. అప్పట్నుంచి రెండూ ఒకదానికొకటి ఎదురుగా ఉంటున్నాయి. ఒకటి నీళ్ళ కింద తిరిగింది, ఒకటి ఆకాశంలో. కులగోత్రాలు కలిసే ప్రసక్తే లేదు. రాష్ట్రపతి వచ్చి ప్రారంభించారు. మనం పిల్లల్ని తీసుకెళ్ళి టికెట్ కొని మరీ చూపిస్తున్నాం. ఇలాంటి దృశ్యాల పక్కనే రోజూ నడిస్తే పెద్దవాళ్ళ మనసులు ఎలా కుదురుగా ఉంటాయి?

కులం మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. వేరే వేరే. ఈ విషయంలో బంధువులు చాలా హుందాగా ప్రవర్తించారు, నోటితో ఏమీ అనలేదు, రావడం మానేశారు.

ఒక్కరు మాత్రం వచ్చారు. భీమిలి నుంచి టీచరమ్మ గారి అప్ప, అంటే అక్కగారు. గుమ్మంలోనే 'ఏటే ఇది, ఈ వయసులో ఏటి? కృష్ణా రామా అనుకుంటూ ఉండలేవా?' అని కేకేశారు. మేం మెట్ల మీద నిలబడి విన్నాం, లోపలికి వెళ్తే బాగుండదని. టీచరమ్మ గారు నెమ్మదిగానే చెప్పారు. 'ఆయన పోయి నాలుగేళ్ళయింది అప్పా. రాత్రి పూట భయం వేస్తోంది, వచ్చి పడుకో అని ఎన్నిసార్లు పిలిచాను? మనవడికి పరీక్షలన్నావు. కృష్ణుణ్ణీ రాముణ్ణీ కూడా పిలిచాను. వాళ్ళకేం పనులున్నాయో.' అప్ప ఏమీ అనలేదు. మధ్యాహ్నం భోంచేసి, పెళ్ళికి ఏం చీర కడతావని అడిగి వెళ్ళారు. ఒక పెద్దమనిషి ఇంత సులువుగా పార్టీ ఫిరాయించడం మేం ఎన్నికలప్పుడు తప్ప చూడలేదు.

తర్వాత అసోసియేషన్ తరఫున మేం వెళ్ళాం. టీలిచ్చారు. 'మీకు వండిపెట్టే మనిషి కావాలంటే మేం చూస్తాం కదమ్మా, ఇంత దూరం ఎందుకు' అన్నారు సెక్రటరీ గారు. 'వంట నేనే చేసుకుంటానండీ. ఉప్పెక్కువైందని చెప్పే మనిషి కావాలి' అన్నారావిడ. మా బైలాస్‌లో దీనికి జవాబు దొరకలేదు.

గోడ మీద ఆవిడ భర్త ఫోటో, దండతో. పక్కన మేకు కొట్టి ఉంది. పెళ్ళికొడుకు గారి భార్య ఫోటో అక్కడ పెడతారట. ఆయన కూడా సిగ్గు విడిచి ఒప్పుకున్నారు. ఇంకో సంగతి వినండి. మొన్న టీచరమ్మ గారి భర్త ఆబ్దికం ముందు రోజు డల్లాస్‌కి ఫోన్ చేసి 'బాబూ, రేపు నాన్న గారి తిథి' అని గుర్తుచేసింది ఈయనేనట. అబ్బాయి మరిచిపోయాడని కొందరు ప్రచారం చేస్తున్నారు. అది అన్యాయం. టైమ్ తేడా వల్ల అక్కడ తిథి సరిగ్గా తెలియదు.

బెంగళూరు అమ్మాయి రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు ఫోన్ చేసి 'ఆయన్ని ఏమని పిలవాలమ్మా' అని అడిగింది. ఇది లొంగుబాటు కిందికే వస్తుంది. గాజువాకలో ఉండే ఆయన కొడుకు అప్పుడే 'అమ్మగారూ' అనేస్తున్నాడు. మనవలు ఇంకా దారుణం, వాళ్ళకి ఇదంతా పండగలా ఉంది.

మా ఆశలన్నీ ఇప్పుడు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం మీదే. వాళ్ళు నోటీసు ఇచ్చారు. వయసు, వృత్తి, చిరునామాతో పాటు అవివాహితులా, విధురులా, వితంతువులా అన్నది కూడా రాయాలి. అది ముప్పై రోజులు వివాహ అధికారి ఆఫీసులో గోడకి ఉంటుంది, అభ్యంతరం ఎవరైనా చెప్పవచ్చు. మా సెక్రటరీ గారు వెళ్ళి చూసి వచ్చారు. చెల్లే అభ్యంతరాలు కూడా రాసుకొచ్చారు. ఇద్దరిలో ఎవరికైనా భార్యో భర్తో బతికి ఉండటం, మతిస్థిమితం లేకపోవడం, వయసు చాలకపోవడం, దగ్గరి రక్తసంబంధం. అంతే. మూడో కాన్పుకి ఎవరు వెళ్తారు అన్నది లేదు. లోకం ఏమనుకుంటుంది అన్నది అసలే లేదు. వయసు చాలకపోవడం ఉంది గానీ మించిపోవడం లేదు. ఇంత లోపభూయిష్టమైన చట్టం ఇన్నేళ్ళుగా ఎలా నడుస్తోందో!

మతిస్థిమితం దగ్గర సెక్రటరీ గారు కాస్త ఆశపడ్డారు. కానీ ఆవిడ పోయిన వారం మా మెయింటెనెన్స్ లెక్కల్లో తప్పు పట్టుకున్నారు. కాబట్టి అదీ పోయింది. గడువు ఇంకా పదకొండు రోజులుంది. చట్టానికి సరిపడే కారణం ఎవరికైనా తోస్తే ఆదివారం లోపు మా వాచ్‌మన్ దగ్గర రాసి ఇవ్వగలరు. భోజనాలకి వచ్చేవాళ్ళ పేర్లు కూడా అతనే రాసుకుంటున్నాడు, పుస్తకం ఒక్కటే, పేజీ చూసుకుని రాయండి.