సర్వీస్ లెర్నింగ్ అంటే చీపురు పట్టించడం కాదు

"పిల్లల్ని బడికి పంపేది చదువుకోడానికి, ఊడిగం చేయడానికి కాదు. సర్వీస్ లెర్నింగ్ పేరుతో క్లాసులు పోగొట్టి, మార్కులు తగ్గించి, బలవంతపు సేవ చేయిస్తున్నారు" అంటూ ఒక మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. సర్వీస్ లెర్నింగ్ అంటే ఊరికి పనికొచ్చే సేవను క్లాసు పాఠాలతో ముడిపెట్టి నేర్పే పద్ధతి. ఆ మెసేజ్‌లోని ఆరోపణల్ని విడివిడిగా చూద్దాం.

మొదటిది ఊడిగం. చెరువుగట్టున చెత్త ఏరించి, ఫొటో తీసుకుని ఇంటికి పంపేస్తే అది ఊడిగమే, కాదనను. కానీ దాన్ని సర్వీస్ లెర్నింగ్ అనరు. అదే చెరువు నీటిని తెచ్చి సైన్సు క్లాసులో పీహెచ్ ఎంతుందో, ఎంత మడ్డిగా ఉందో కొలవాలి. లెక్కల క్లాసులో ఆ అంకెలతో గ్రాఫులు గీయాలి. భాష క్లాసులో స్థానిక అధికారులకు నివేదిక రాయాలి. ఆ తర్వాత అందరూ కూర్చుని, ఏరిన చోటికే చెత్త మళ్లీ ఎందుకు చేరుతోందో తేల్చుకోవాలి. ఈ చివరి చర్చనే చాలా బడులు ఎగ్గొడతాయి. అసలు చదువు జరిగేది అక్కడే. సిలబస్‌తో ముడి, పిల్లల మాటకు విలువ, ఊరివాళ్ల భాగస్వామ్యం, చేసినదాని మీద ఆలోచన: పరిశోధకులు మంచి పద్ధతికి గుర్తులుగా చెప్పేవి ఈ నాలుగే.

ఇక మార్కులు. సెలియో, డర్లాక్, డిమ్నికీ అనే పరిశోధకులు 2011లో 62 అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. వాటిలో 11,837 మంది విద్యార్థులున్నారు, కాలేజీవాళ్లతో సహా. పాల్గొననివాళ్లతో పోలిస్తే పాల్గొన్నవాళ్ల చదువు మెరుగుపడిందే గానీ తగ్గలేదు. బడి మీద ఇష్టం, నలుగురితో మెలిగే నేర్పు కూడా పెరిగాయి.

బలవంతం అన్న మాటలో మాత్రం కొంత నిజముంది. తమంతట తాముగా సేవ చేయడం అనుమానమే అనుకున్న విద్యార్థుల్లో, సేవను తప్పనిసరి చేసినప్పుడు ముందుముందు సేవ చేయాలన్న ఉద్దేశం తక్కువగా ఉందని 1999లో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధన తేల్చింది. ఎంచుకునే వీలిచ్చినప్పుడు అలాంటివాళ్లలో ఆ ఉద్దేశం ఎక్కువగా కనిపించిందని కూడా అదే చెప్పింది. కాబట్టి ఏ సమస్య తీసుకోవాలో పిల్లలే తేల్చుకోనివ్వాలి. అమెరికాలోని మేరీల్యాండ్‌లో హైస్కూల్ పూర్తవ్వాలంటే 75 గంటల సర్వీస్ లెర్నింగ్ ఉండాలి, లేదా జిల్లా సొంతంగా తయారుచేసుకున్న ప్రణాళిక ప్రకారం చేయాలి. అక్కడ కూడా ఉత్త పని చాలదు. ముందు సిద్ధం కావడం, తర్వాత ఆలోచించడం కూడా ఉండాలి.

మెసేజ్ రాసినవాళ్లు అడగాల్సింది వదిలేశారు: టీచర్ టైమ్. ఇలాంటి ప్రాజెక్టుకు క్లాసు బయట బోలెడు పని ఉంటుంది. అనుమతులు, రవాణా, భద్రత, ఊళ్లోవాళ్లతో మాటలు, అన్నీ ఒక్కరే చూసుకోవాలంటే చివరికి చీపురే చేతికొస్తుంది. మీ దగ్గరి బడికి సాయం చేయాలనుంటే ఆ పనుల్లో ఒకటి మీరు తీసుకోండి. ప్రాజెక్టు ఏ పాఠానికి ముడిపడిందో కూడా ఓసారి అడగండి.