ఫ్లాప్ అనేది అమెరికా లెక్క
అమెరికా పాప్ బృందం బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ మొదటి సింగిల్ (విడిగా విడుదల చేసిన పాట) ‘వీవ్ గాట్ ఇట్ గోయిన్ ఆన్’ ఫ్లాప్ అని మీ వ్యాసంలో తేల్చేశారు. ఇది అమెరికా చార్టు ఒక్కటే చూసి చెప్పిన మాట. 1995లో బిల్‌బోర్డ్ హాట్ 100లో అది 69 దగ్గరే ఆగిపోయింది, నిజమే. కానీ జర్మనీలో టాప్ 5కి వెళ్లింది. అసలు ఆ పాట పుట్టిందే స్టాక్‌హోమ్‌లోని షేరాన్ స్టూడియోలో. స్వీడన్ నిర్మాతలు డెనిజ్ పాప్, మాక్స్ మార్టిన్ చేతిలో పడ్డ ఒర్లాండో కుర్రాళ్లు వాళ్లు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి: కింద బరువైన డ్రమ్ బీట్, కోరస్ రాగానే ఐదు గొంతులూ కలిసి నినాదంలా అందుకుంటాయి. అప్పట్లో అమెరికా రేడియోలో గ్రంజ్ అనే మొరటు రాక్, హిప్‌హాప్ జోరు ఎక్కువ, దీన్ని పట్టించుకునే ఓపిక ఎవరికుంది? 1997లో అమెరికాలో ఆల్బమ్ వేసినప్పుడు ఇదే పాటను మొదటి ట్రాక్‌గా పెట్టారు (ఫ్లాప్ పాటను ఎవరైనా ముందు పెడతారా?). అదే ఏడాది ‘క్విట్ ప్లేయింగ్ గేమ్స్’ హాట్ 100లో రెండో స్థానానికి ఎక్కింది. మా హాస్టల్లో క్యాసెట్ చేతులు మారేది ఆ స్లో పాట కోసమే, ఒప్పుకుంటాను. కానీ డే ఫంక్షన్‌లో స్టెప్పులకు మాత్రం అందరూ ఎంచుకున్నది మీరు ఫ్లాప్ అన్న ఈ పాటనే.