సెంట్రల్ లాక్ ఫ్యూజ్ పీకేస్తే ప్రాణాలు దక్కుతాయన్న ప్రచారంలో నిజమెంత?

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో పికప్ వాహనాలు నడిపేవారి మధ్య ఫోన్లలో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. వేగం అందుకోగానే తలుపులు వాటంతటవే లాక్ అయ్యే బండ్లు ప్రాణాంతకమనీ, ఇంజన్ ఆగిపోతే ఆ లాక్ ఇక తెరుచుకోదనీ, నీటిలో పడినప్పుడు తలుపు రాకపోవడానికి కారణం ఆ లాకేననీ, ప్రమాదంలో లోపలివారు చిక్కుకుపోకుండా ఉండాలంటే వెంటనే సెంట్రల్ లాక్ ఫ్యూజ్ తీసేయించుకోవాలనీ అందులో రాసి ఉంది. తాళం లోపల మరిచిపోతే ఇంట్లో ఉన్న రెండో రిమోట్‌ను ఫోన్ దగ్గర నొక్కిస్తే తలుపు తెరుచుకుంటుందన్న చిట్కా కూడా చివర్లో చేర్చారు.

బకింగ్‌హామ్ కాలువ గట్ల మీద, విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల కట్టల మీద రాత్రివేళ మేత బస్తాలతో బండి నడిపేవారికి నీటి భయం ఉండటం సహజం. ఆ భయాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆ భయానికి ఈ సందేశం చూపుతున్న మందు, ప్రమాద సమయంలో మనకు ఉపయోగపడే ఏర్పాటును మన చేతులతోనే తీసేయించేదిగా ఉంది. అందువల్ల అందులోని ఒక్కొక్క మాటనూ విడిగా పరిశీలించడం అవసరం.

ముందుగా, ఇంజన్ ఆగితే లాక్ తెరుచుకోదన్న మాట. తలుపు లోపలి ప్యాడ్ విప్పి చూస్తే 12 వోల్టుల చిన్న మోటారు, దానికి పళ్ల చక్రాలు, వాటి చివర లాచ్‌ను, అంటే తలుపును చట్రానికి పట్టి ఉంచే కొక్కేన్ని, లాక్ చేసే మీట కనిపిస్తాయి. కరెంటు ఒక దిశలో పారితే మీట లాక్ వైపుకూ, ధన, రుణ తీగలు తారుమారై ఎదురు దిశలో పారితే అన్‌లాక్ వైపుకూ కదులుతుంది. ఈ పని సెకను కంటే తక్కువ సమయంలో ముగుస్తుంది, ఆ వెంటనే మోటారుకు కరెంటు ఆగిపోతుంది. ఇంటి తలుపుకు వేసిన గడియను ఎవరూ పట్టుకుని నిలబడనక్కరలేనట్టే, లాక్ వేసిన స్థితిలో ఉండటానికి కరెంటు అక్కర్లేదు. పైగా మోటారుకు కరెంటు వచ్చేది బ్యాటరీ నుంచి, ఇంజన్ నుంచి కాదు. ఇంజన్ నడిస్తేనే లాక్ పనిచేస్తుందన్నది నిజమైతే, రాత్రంతా ఇంటి ముందు ఆపి ఉంచిన బండిని పొద్దున్నే రిమోట్‌తో తెరవడం ఎవరికీ సాధ్యమయ్యేది కాదు.

వేగంతో పడే లాక్‌కు వేరే మోటారేమీ ఉండదు. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కోసం చక్రాల దగ్గర పెట్టిన సెన్సార్ల నుంచి వచ్చే సమాచారాన్ని బట్టి బండి ఎంత వేగంగా పోతోందో బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే చిన్న కంప్యూటర్ తెలుసుకుంటుంది. కంపెనీ నిర్ణయించిన వేగం, చాలా మోడళ్లలో గంటకు 20 కిలోమీటర్లకు అటూ ఇటూ, దాటగానే మీరు బటన్ నొక్కినప్పుడు పంపే సంకేతాన్నే అది తనంతట తాను పంపుతుంది. ఆటోమేటిక్ గేర్ ఉన్న కొన్ని బండ్లలో గేరును పార్కింగ్ స్థానం నుంచి కదపగానే లాక్ పడి, తిరిగి అక్కడికి తేగానే ఊడుతుంది. సరుకు రవాణాకు వాడే చవక రకం పికప్‌లు చాలావాటిలో అసలు సెంట్రల్ లాకింగే ఉండదని కూడా ఇక్కడ చెప్పాలి. అలాంటి బండ్ల యజమానులు కూడా ఈ సందేశం చదివి ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లడం బాధ కలిగిస్తుంది. ఈ చర్చ ప్రధానంగా ఇసుజు వి-క్రాస్, టొయోటా హైలక్స్ వంటి డబుల్ క్యాబిన్ బండ్లకూ, పికప్‌ల ఖరీదైన రకాలకూ సంబంధించినది.

లాక్ పడితే లోపలివారు తలుపు తీయలేరన్న మాటలో కొంత నిజం, ఎక్కువ అపోహ కలిసి ఉన్నాయి. తలుపును మూసి పట్టి ఉంచేది లాక్ కాదు, లాచ్. లాక్ చేసే పని, హ్యాండిల్‌కూ లాచ్‌కూ మధ్య ఉన్న సంబంధాన్ని తెంచడం మాత్రమే. బయటి హ్యాండిల్ విషయంలో ఇది అన్ని బండ్లకూ వర్తిస్తుంది. లోపలి హ్యాండిల్ మాత్రం బండిని బట్టి మారుతుంది: కొన్నింటిలో ముందు తలుపుల హ్యాండిల్ ఒక్కసారి లాగితే లాక్ ఊడి తలుపు కూడా తెరుచుకుంటుంది, కొన్నింటిలో రెండుసార్లు లాగాలి, మరికొన్నింటిలో ముందు నాబ్ పైకెత్తి తర్వాత లాగాలి. ఈ మూడు పద్ధతుల్లోనూ చేతి బలాన్ని లాచ్ దాకా చేర్చేది ఇనుప కడ్డీ లేదా కేబుల్, కాబట్టి బ్యాటరీ పూర్తిగా చచ్చినా అది పనిచేస్తుంది. మినహాయింపులు లేకపోలేదు. వెనక తలుపు అంచున ఉండే చైల్డ్ లాక్ మీట వేసి ఉంటే, సెంట్రల్ లాక్ ఊడినా ఆ తలుపు లోపలి నుంచి రాదు. రిమోట్‌తో బయటి నుంచి రెండుసార్లు లాక్ చేసినప్పుడు లోపలి హ్యాండిళ్లు కూడా పనిచేయకుండా పోయే డెడ్‌లాక్ ఏర్పాటు కొన్ని కార్లలో ఉంటుంది. రోహిణి కార్తె ఎండలో పిల్లలను బండిలో వదిలి పని మీద వెళ్లడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి గ్రహించవచ్చు. కానీ ఈ రెండింటికీ వేగంతో పడే లాక్‌తో సంబంధం లేదు. చైల్డ్ లాక్ అయితే ఫ్యూజ్ తీసినా అలాగే ఉంటుంది, ఎందుకంటే అది పూర్తిగా చేత్తో వేసేది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఫ్యూజ్ సలహా. ఎయిర్‌బ్యాగులు ఉన్న అనేక వాహనాల్లో, గట్టిగా గుద్దుకున్న క్షణంలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ నుంచి వెళ్లే సంకేతం అందుకుని తలుపులన్నీ అన్‌లాక్ చేసే ఏర్పాటు ఉంటుంది. రోడ్డు మీద పోతున్నవారు పరుగెత్తుకొచ్చి, స్పృహ తప్పిన డ్రైవర్‌ను బయటి నుంచి తలుపు తీసి దించగలగడానికే ఆ ఏర్పాటు చేశారు. ఫ్యూజ్ తీసేస్తే లాక్ మోటార్లకు కరెంటు అందదు కాబట్టి, ఆ సంకేతం వెళ్లినా తలుపు కదలదు. అలాగని తలుపులు ఎప్పుడూ తెరిచి ఉంటాయా అంటే అదీ లేదు. దొంగల భయంతో జాతీయ రహదారి మీద చేత్తో నాబ్ నొక్కుకుని ప్రయాణించేవారికి, ప్రమాదం జరిగినా ఆ నాబ్ నొక్కినట్టే ఉండిపోతుంది. అంటే లాక్ మిగులుతుంది, దానిని ఆపదలో ఊడదీసే సాయం పోతుంది. చాలా బండ్లలో అదే ఫ్యూజ్ మీద లోపలి దీపమో, దొంగల అలారమో, మరొకటో ఆధారపడి ఉంటుందన్న సంగతి కూడా సందేశం రాసినవారు పట్టించుకోలేదు. గుద్దుకున్న తర్వాత తలుపులు బిగుసుకుపోయే సందర్భాలు నిజంగానే ఉన్నాయి, కానీ వాటికి తరచూ కనిపించే కారణం తలుపు చట్రం, పక్క స్తంభం వంగి లాచ్‌ను నొక్కేయడం. అన్‌లాక్ చేసి ఉన్న తలుపు కూడా అప్పుడు అలాగే బిగుసుకుంటుంది.

ఇక నీటి సంగతి. తలుపు వైశాల్యం సుమారు ఒక చదరపు మీటరు, ఎత్తు ఒక మీటరు అనుకుందాం. లోపల ఇంకా నీరు చేరకముందే బయట నీరు తలుపు పై అంచు దాకా వచ్చిందంటే, సగటు లోతు అర మీటరు, దాని మీద పడే ఒత్తిడి సుమారు 500 కిలోల బరువుతో సమానం. మనిషి భుజబలంతో అది కదిలేది కాదు, లాక్ వేసినా వేయకపోయినా లెక్క ఒక్కటే. లాక్ లేకపోతే తలుపు తెరుచుకునేదని నమ్మినవాడు విలువైన క్షణాలను తలుపుతో పెనుగులాడటంలో పోగొట్టుకుంటాడు, నాకు ఈ సందేశం మీద ఎక్కువ కోపం అందుకే. నీటిలో పడిన బండి సాధారణంగా కొద్దిసేపు తేలుతుంది, ఆ కొద్దిసేపటిలోనే సీటు బెల్టు తీసి, కిటికీ అద్దం దించి, పిల్లలను ముందు బయటికి పంపి, తర్వాత పెద్దలు రావాలి. పవర్ విండోలు నీటిలో పడగానే చచ్చిపోవు, కానీ నీరు అద్దం అంచుకు చేరాక ఒత్తిడి వల్ల అద్దం దిగడం కష్టమవుతుంది. దిగకపోతే పక్క అద్దం మూలలో మొన ఉన్న గట్టి పనిముట్టుతో కొట్టాలి. ముందు అద్దం రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసినది కనుక, ఎంత కొట్టినా బీటలు వారుతుంది గానీ దారి ఇవ్వదు.

ఫోన్ చిట్కాకు పెద్ద వివరణ అక్కర్లేదు. రిమోట్ పంపేది శబ్దం కాదు, రేడియో తరంగం, మన దేశంలో ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. ఫోన్ మోసుకువెళ్లేది కొన్ని వేల హెర్ట్జ్‌ల లోపు ఉండే గొంతు శబ్దాన్ని మాత్రమే.

మన ప్రాంతంలో తలుపు నిజంగా మొరాయించడానికి కారణాలు వేరే ఉన్నాయి. కొత్తపట్నం, మైపాడు తీరాల ఉప్పు గాలికి లాచ్ తుప్పు పడుతుంది. చీమకుర్తి గ్రానైట్ దుమ్ము, కట్టల మీది బురద కలిసి తలుపు అడుగున నీరు కారిపోయే రంధ్రాలను మూసేస్తాయి. వానకు అద్దం అంచు నుంచి లోపలికి దిగిన నీరు అక్కడే నిలిచి మోటారును పాడుచేస్తుంది. ప్యాడ్ విప్పిన ప్రతిసారీ లోపలి ప్లాస్టిక్ షీటును సరిగ్గా అంటించకుండా వదిలేసే అలవాటు దీన్ని మరింత పెంచుతుంది. ఒక తలుపు మాత్రమే ఆలస్యంగా లాక్ అవుతున్నా, మోటారు తిరిగిన శబ్దం వచ్చి నాబ్ కదలకపోయినా, చూడవలసింది ఆ తలుపునే. ఫ్యూజ్ డబ్బా జోలికి పోనవసరం లేదు.

ఇప్పటికే ఫ్యూజ్ తీయించుకున్నవారు యజమాని పుస్తకంలో చూసి, అదే ఆంపియర్ల ఫ్యూజ్‌ను తిరిగి పెట్టించుకోవాలి, అంతకు పెద్దది పెడితే తీగలు వేడెక్కుతాయి. ఆ తర్వాత బండి నిలిపి ఉంచి, తలుపులన్నీ లాక్ చేసి, ఒక్కో సీటులోనూ కూర్చుని లోపలి హ్యాండిల్ ఎన్నిసార్లు లాగితే తలుపు వస్తోందో చూసుకోవాలి, వెనక సీటులో కూర్చునే ఇంట్లోవాళ్ల చేత కూడా లాగించి చూపించాలి.